నానా అన్న మాట

మొన్న సోమవారం సాయంత్రం మా కోడలు బడి నుంచి వస్తూ ఒక అట్టపెట్టెను చంకన పెట్టుకొని తెచ్చి నా మంచం పక్కన దింపింది. జనగామకు దగ్గర్లోనే ఒక తాండా బడిలో ఆమె టీచరు. కొత్తగా బడులకు పంపిన సామానట, మర్నాడు పిల్లల ముందు విప్పేలోగా తాను ఒకసారి చూసుకోవాలని ఇంటికి తెచ్చుకుంది. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదని ఆమెకు తెలుసు కనుక, అత్తమ్మా మీరే విప్పి సర్దిపెట్టండి అని చెప్పి వంటింట్లోకి వెళ్ళింది. పెట్టె నిండా నున్నటి బొమ్మల కార్డులు, ఒక పెద్ద బొమ్మల పుస్తకం, ఒక లావుపాటి కలం ఉన్నాయి. ప్రతి బొమ్మ కింద మూడు వరసలు, పైన లంబాడీ మాట తెలుగు అక్షరాల్లో, దాని కింద తెలుగు, ఆ కింద ఇంగ్లీషు. కలం కొసను బొమ్మకు ఆనిస్తే చాలు, అది మూడు మాటలనూ పలుకుతుంది.

నీళ్ళ బొమ్మకు ఆనించాను. పాణి, నీళ్ళు, వాటర్ అంది. రొట్టె బొమ్మకు ఆనించాను. బాటి అంటూ మొదలుపెట్టింది. చిన్నపిల్లలా ఒక్కో బొమ్మా ముట్టించుకుంటూ పోయి, కుటుంబం ఉన్న పుట దగ్గర తలపాగా కట్టుకున్న ఒక ముసలాయన మీద ఆనించేసరికి, కలం ఎవరో చదువుకున్న అమ్మాయి గొంతుతో "నానా" అని, ఆ వెంటనే తాతయ్య అంది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ తర్వాత కోడలు వచ్చి ఎట్లా ఉన్నాయని అడిగితే బాగున్నాయనే చెప్పాను గానీ, నిజానికి ఆ పెట్టెను చూసి సంతోషపడాలో, ఇన్నాళ్ళకా అని ఉక్రోషపడాలో, అసలు ఇది మంచిదో కాదో కూడా నాకు తేలలేదు. ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పి దిగినదాన్ని, పిల్లలకు ఏ భాషలో చదువు చెప్పాలి అన్న ఒక్క ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదంటే నా ఈడువాళ్ళు నవ్వుకుంటారేమో.

అసలు నా సొంత భాష ఏది అన్నదే నాకు మొదటి నుంచీ తికమక. మాది జనగామకు రెండామడల దూరంలో వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఇంట్లో మా బాపు, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ, మేనత్తలు అందరూ తొవ్వ అనేవాళ్ళు, ఉల్లిగడ్డ అనేవాళ్ళు, గిదేంది, గట్లెట్ల అని మాట్లాడేవాళ్ళు. బడిలో అడుగుపెడితే పుస్తకంలో దారి ఉండేది, ఉల్లిపాయ ఉండేది, ఇదేమిటి, అలా ఎలా ఉండేవి. నేను పుస్తకంలోది చదివి, ఇంట్లోది మాట్లాడి, రెంటినీ రెండు గదుల్లో పెట్టుకున్నట్టు పెట్టుకొని పెరిగాను. అందులో ఇబ్బంది ఏమైనా ఉందని అప్పుడు తోచలేదు. టీచరు శిక్షణకు వెళ్ళినప్పుడు మాత్రం, నమూనా పాఠం చెప్పమని నన్ను నిలబెడితే, చేతిలో మామిడికాయ పట్టుకొని నాకు తెలియకుండానే నోటికొచ్చినట్టు గిదేంది పిల్లలూ అన్నాను. తరగతి గొల్లుమంది. వెనక వరసలో కూర్చున్న మాస్టారు, ఆయనది కోస్తా వైపు, చేతిరుమాలు నోటికడ్డం పెట్టుకొని నవ్వారు. ఆయన చెడ్డవాడు కాదు, తర్వాత నన్ను పిలిచి మంచిగానే చెప్పారు. అయినా ఆ నవ్వు, ఆ రుమాలు అంచున ఉన్న నీలం గీత, ముందు వరసలో ఒక అమ్మాయి పక్కదాన్ని మోచేత్తో పొడవడం, ఇవన్నీ నిన్న జరిగినట్టు ఇప్పుడూ చెప్పగలను. ఆ వారమంతా హాస్టలు గదిలో అద్దం ముందు నిలబడి ఇదేమిటి, ఇదేమిటి అని అలవాటు చేసుకున్నాను. శిక్షణ అయ్యేసరికి నాకు పుస్తకంలాంటి తెలుగు వచ్చింది, దాన్ని చూసుకొని కొంచెం గర్వం కూడా వచ్చింది.

ఆ గర్వంతోనే నా మొదటి బడికి వెళ్ళాను. మహబూబాబాద్, మేమంతా మానుకోట అంటాం, అక్కడ బస్సు దిగి గంగారం వైపు పోయే ఇంకో బస్సెక్కి, నడిమధ్యన దిగి, మిరప తోటల గట్ల మీద అరగంట నడిస్తే ఒక తాండా. ఒకే గది, దాని ముందు రేకుల వసారా, అదే బడి. నాతోపాటు ఇంకొకరే ఉండేవారు, పెద్దసారు. ఆయన డోర్నకల్‌లో ఉండి, రైల్లో మానుకోటకు వచ్చి, అక్కడ పెట్టుకున్న సైకిలు మీద వచ్చేవారు. రైలు ఆలస్యమైతే బడి కూడా ఆలస్యమయ్యేది. తాండాలో వాళ్ళందరూ లంబాడీలు, ఇంట్లో వాళ్ళ మాట వాళ్ళదే. తెలుగు అంగడికి, ఆఫీసుకు, దవాఖానకు. పిల్లలకు ఆ మూడింటితోనూ పని లేదు కనుక తెలుగు రాదు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొదటి పది రోజులు ఎంత బుద్ధిమంతులైన పిల్లలు అనుకున్నాను. చప్పుడు చేయరు, లేవరు, నేను చెప్పింది చెప్పినట్టు అంటారు. చెట్టు బొమ్మ గీసి ఇదేమిటి అని అడిగితే అందరూ ఒక్క గొంతుతో "ఇదేమిటి" అనేవాళ్ళు. కాదమ్మా, ఇది చెట్టు అంటే, కాదమ్మా ఇది చెట్టు అని రాగం తీసేవాళ్ళు. ఇంటికి ఉత్తరం రాస్తూ మా పిల్లల ఉచ్చారణ చాలా బాగుందని కూడా రాసినట్టు గుర్తు. చెట్టును చూపించి చెట్టు అంటున్నారా, లేక చెట్టు అనడమంటే గోడ మీద గీతలు గీసినప్పుడు చేయవలసిన ఒక చప్పుడు అనుకుంటున్నారా అన్న అనుమానం నాకు రానే లేదు.

వాళ్ళలో ఒక్క పిల్ల మాత్రం ఆ రాగంలో కలిసేది కాదు. ఎనిమిదేళ్ళుంటాయి, మూడో ఏడు ఒకటో తరగతిలోనే ఉంది. తాండా పెద్దను వాళ్ళు నాయక్ అంటారు, ఆ నాయక్ కూతురి బిడ్డ. తల్లిదండ్రులు ఏటా చెరుకు కొట్టే పనికి మహారాష్ట్ర వైపు పోయేవాళ్ళు కనుక పిల్ల తాత దగ్గరే ఉండేది. పొద్దున్నే వచ్చి గుమ్మం పక్కన కూర్చొని, మధ్యాహ్నం వరకు ఒక్క మాట లేకుండా నా మొహంలోకి చూస్తుండేది. ఆ పిల్లకు తలలో ఏదో లోపమని, వచ్చే ఏడు పేరు కొట్టేయడమే మంచిదని పెద్దసారు అనేవారు. ఆయనకు అనుభవం ఉంది, నాకు లేదు. నేనూ తలూపాను.

మిరపకాయలు ఏరే రోజులు వచ్చాయి. పెద్ద పిల్లలందరూ అమ్మలతో తోటలకు పోవడంతో, చిన్నవాళ్ళు పన్నెండు మందో పదమూడు మందో మాత్రమే బడిలో ఉన్నారు. ఆ రోజు పెద్దసారు మండల ఆఫీసులో పనుందని రాలేదు. ప్రార్థన అయ్యి నేను పలకలు పట్టించేసరికి ఆ పిల్ల పలక లేకుండా, ఊపిరి అందకుండా పరుగెత్తుకొచ్చి నా కొంగు పట్టుకుంది. ఆరు నెలల్లో ఆ పిల్ల గొంతు నేను వినడం అదే మొదటిసారి. "నానా, నానా" అంటూ బయటికి చెయ్యి చూపించింది. ఆ తర్వాత ఏవేవో మాటలు అన్నది గానీ నా చెవిన పడ్డది ఆ ఒక్కటే.

నాకేమనిపించిందో చెప్పనా? జాలి వేసింది. పది రోజుల కిందటే తల్లీ తండ్రీ పనికి వెళ్ళిపోయారని నాకు తెలుసు. పిల్ల నాన్న కోసం బెంగ పెట్టుకుంది, ఏ కలో వచ్చి ఉంటుంది అనుకున్నాను. వీపు నిమిరి, నాన్న వస్తాడమ్మా, పండగకు వస్తాడు, కూర్చో అని చెప్పి చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. అది మళ్ళీ లేచింది. మళ్ళీ కూర్చోబెట్టాను. ఇంతలో మిగతా పిల్లలందరూ లేచి ఒక్కసారి వాళ్ళ భాషలో అరవడం మొదలుపెట్టారు, తలుపు వైపు చూపిస్తూ, ఒకరి మాట మీద ఒకరు. అన్ని రోజులు బుద్ధిగా ఉన్న తరగతి పెద్దసారు లేని రోజు చూసి చేయి దాటిపోయిందని నాకు భయం వేసింది. బల్ల మీద బెత్తంతో గట్టిగా కొట్టాను. తలుపు దగ్గరికి వేసి గొళ్ళెం పెట్టాను. వాళ్ళు ఊరుకున్నారు, నేను చెప్పినదల్లా వినడం వాళ్ళకు అలవాటు చేసింది నేనే కదా. ఆ పిల్ల గోడ వైపు తిరిగి మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. నేను పాఠం చెప్పాను. ఏం పాఠమో గుర్తు లేదు.

అన్నానికి వదిలే వేళకు పొద్దున అంగడికి పోయి వచ్చిన ఆ పిల్ల అమ్మమ్మ మనవరాలిని వెతుక్కుంటూ వచ్చింది. తాతకు సద్ది తీసుకొని పొద్దున పోయిన పిల్ల తిరిగి రాలేదు, తాతా రాలేదు. తలుపు తీయగానే ఆ పిల్ల ఆమె కాళ్ళకు చుట్టుకొని రెండు ముక్కలు చెప్పింది. ఆ ముసలమ్మ చేతిలోని గంప అక్కడే పడేసి పరుగెత్తింది. వెనకనే నేను, నా వెనక పిల్లలు. తోట బావి మెట్ల మీద కాలు జారి నాయక్ నీళ్ళకు పైనున్న రాతి మీద పడి ఉన్నాడు, తుంటి విరిగి. ఎండ నడినెత్తి మీద ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాడు. మనవరాలు చూస్తుండగానే పడ్డాడట. తాండాలో మనుషులందరూ దూరపు చేలలో ఉన్నారని, దగ్గరున్న పెద్దమనిషి టీచరేనని ఎనిమిదేళ్ళ పిల్ల ఆలోచించుకొని బడికి పరుగెత్తుకొచ్చింది. తలలో లోపం ఉన్న పిల్ల!

మనుషులు వచ్చి మంచం మీద మోసి, ట్రాక్టరులో మానుకోట దవాఖానకు తీసుకుపోయారు. వాళ్ళ భాషలో నానా అంటే తల్లికి తండ్రి అని ఆ సాయంత్రం ఆ ముసలమ్మ చెప్పింది. కూరగాయలమ్మి నేర్చుకున్న తెలుగు ఆమెది. నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. నేను ఇంటికి పోయి చాలాసేపు ఒక పిచ్చి లెక్కలో పడ్డాను. మా ఇంట్లో తండ్రిని బాపు అంటాం. అద్దం ముందు నిలబడి పుస్తకం తెలుగు నేర్చుకోకపోతే, నానా అన్న మాట వినగానే నాన్న అని అంత ధీమాగా అనుకొని ఉండేదాన్నా? జర ఆగి, ఏందవ్వా, ఏమైంది అని అడిగి ఉండేదాన్నేమో. లేదు, అయినా పొరబడేదాన్నేమో. ఈ లెక్క ఇప్పటికీ తెగలేదు.

నాయక్ మూడు నెలలు దవాఖానలో ఉన్నాడు. ఆ మూడు నెలలూ నేను రోజూ బడి వదిలాక ఆ ముసలమ్మ దగ్గర కూర్చొని ఒక్కో మాట నేర్చుకున్నాను. రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి కొని గీతలు గీసుకున్నాను. మొదట రెండు గళ్ళే గీశాను, తాండా మాట, తెలుగు మాట అని. ఉల్లిగడ్డ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. తెలుగు గడిలో ఏ తెలుగు రాయాలి, మా అవ్వదా, పుస్తకానిదా? చివరికి మూడో గడి గీశాను. తాండా మాట, మా ఇంటి మాట, బడి మాట. ఒక్క పిల్ల ఒక్క ఉల్లిగడ్డ కోసం మూడు మాటలు నేర్వాలంటే ఎంత బరువో అని అప్పుడు మొదటిసారి తోచింది. వాళ్ళ మాటలను మన అక్షరాల్లో రాయడం ఇంకో పెద్ద చిక్కు. కొన్ని చప్పుళ్ళు మన అక్షరాల మధ్య సందుల్లోంచి జారిపోయేవి. నేను రాసుకున్నది చదివి వినిపిస్తే ముసలమ్మ, ఆమె తోటికోడళ్ళు కళ్ళ వెంట నీళ్ళు వచ్చేలా నవ్వేవాళ్ళు. ఆ నవ్వుకు మాత్రం నాకు కోపం రాలేదు.

పిల్లలకు బొమ్మల కార్డులు చేయడానికి మా అవ్వ ఇంటికొచ్చిన పెళ్ళి పత్రికలన్నీ దాచి నాకు పంపేది. వాటి వెనక తెల్లటి వైపు బొమ్మ గీసి, పైన తాండా మాట, కింద తెలుగు మాట రాసేదాన్ని. నా బొమ్మలు అంత బాగుండేవి కావు, నా ఆవును చూసి పిల్లలు మేక అనేవాళ్ళు. అది కూడా మంచిదే అయ్యింది, కాదు, ఆవు అని వాదించుకోవడానికి మాటలు కావలసి వచ్చాయి. ఎన్నడూ నోరు విప్పని ఆ పిల్ల ఒక రోజు లేచి వచ్చి నా చేతిలోంచి పెన్సిలు తీసుకొని ఆవుకు కొమ్ములు సరిచేసి, వాళ్ళ భాషలో ఏదో అంది. తరగతి నవ్వింది. ఆ పిల్లా నవ్వింది. ఆ తర్వాత రెండు నెలల్లో అది చదవడం మొదలుపెట్టింది. పిల్లల మాట నాకూ, నా మాట పిల్లలకూ చేరవేసే పని తనదే అన్నట్టు నా బల్ల పక్కనే నిలబడేది. పెద్దసారు ఇవన్నీ చూసి ఇబ్బందిగా కదిలేవారు గానీ, పేరు కొట్టేసే మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను గట్టెక్కాననే అనుకున్నాను. అప్పుడు ఒక రోజు నాయక్ కర్ర పట్టుకొని, ఒక్కో అడుగు ఒకవైపుకు ఒరిగిపోతూ బడికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. బల్ల మీదున్న కార్డులను ఒక్కొక్కటే తీసి చూశాడు. చదువు రాదు గానీ, పిల్లలు చదివి వినిపించారు. నేను మెచ్చుకోలు కోసం ఎదురు చూశానని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

"పంతులమ్మా, నీ మనసు మంచిదే," అన్నాడు. "గానీ మా మాట మాకు ఇంట్ల ఉన్నది. దానికి బడెందుకు? మీ మాట చెప్పు. ఇంగ్లీషు వస్తే అది గూడ చెప్పు. మానుకోటల మేం నోరు తెరిస్తే నవ్వుతరు. ఈ పిల్లలను చూసి నవ్వొద్దు."

నేను ఆ రోజు సంగతి ఎత్తాను. నాకు మీ మాట తెలిసి ఉంటే మీరు బావిలో అంతసేపు పడి ఉండేవారు కాదని, అందుకే నేర్చుకుంటున్నానని చెప్పాను. ఆయన నావైపు వింతగా చూశాడు.

"నేను గూడ గదే అంటున్న," అన్నాడు. "నా మనుమరాలికి తెలుగు వచ్చుంటె నేను అంతసేపు పడి ఉందునా?"

ఒకే రోజు, ఒకే బావి, ఒకే మాట. దాంట్లోంచి నేనొక పాఠం నేర్చుకున్నాను, ఆయన సరిగ్గా దానికి ఎదురు పాఠం నేర్చుకున్నాడు. పడ్డది ఆయన, తుంటి విరిగింది ఆయనకు. పిల్లలు ఆయన పిల్లలు. ఎవరి పాఠం చెల్లాలి? పైగా నవ్వుతారు అన్న మాట ఆయన అన్నప్పుడు నేను తల ఎత్తలేకపోయాను, ఎందుకంటే ఆ నవ్వుకు భయపడి భాష మార్చుకున్నదాన్ని నేనే. నా భయం నాకు న్యాయమై, ఆయన భయం ఆయనకు అన్యాయం ఎట్లా అవుతుంది?

నేను చేసింది రెంటికీ మధ్య పని. కార్డులు కట్టగట్టి పెట్టెలో పెట్టేశాను. రాసేది తెలుగు మాత్రమే రాయించాను. కానీ అర్థం చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించి, ఏదో తప్పు చేస్తున్నట్టు, వాళ్ళ మాటలో చెప్పేదాన్ని. అది నాయక్‌కు తెలుసో తెలియదో గానీ మళ్ళీ రాలేదు. పిల్లలు తెలుగు నేర్చుకున్నారు. వాళ్ళలో ఆ పిల్ల అందరికంటే ముందు నేర్చుకొని ఆశ్రమ పాఠశాలకు పోయింది. నేను సరైన పని చేశానా, అటు నాయక్‌నూ ఇటు పిల్లలనూ మోసం చేశానా అన్నది నాకు తెలియదు.

ఆ తర్వాత నాకు బదిలీలు అయ్యాయి. ఎక్కువ కాలం రేగొండలో చేశాను. అక్కడి పిల్లల ఇంటి మాట మా ఇంటి మాటలాంటిదే, గిది గది అనే పిల్లలు. వాళ్ళు అట్లా అన్నప్పుడు నేను దిద్దేదాన్ని కాదు, పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టు రాయండమ్మా అనేదాన్ని. ఒకసారి భూపాలపల్లిలో మాకు శిక్షణ పెట్టి, పిల్లల ఇంటి భాషలో మొదలుపెట్టి బడి భాషకు తీసుకురావాలని, అదొక కొత్త పద్ధతి అని ఒక యువకుడు చాలా ఉత్సాహంగా చెప్పి, రంగురంగుల కార్డులు పంచాడు. నేను లేచి నిలబడి ఇరవై ఏళ్ళ కిందట నేనిది చేశానని చెప్పవచ్చు. చెప్పలేదు. చెబితే నాయక్ అన్న మాట కూడా చెప్పాలి, ఆయనకు ఏమని జవాబిచ్చావని ఎవరైనా అడిగితే నా దగ్గర ఏముంది? టీ తాగి బస్సెక్కాను.

పోయిన ఎండాకాలం మా చెల్లెలికి బాగా లేక మానుకోట దవాఖానలో ఉంటే తోడుగా నాలుగు రోజులు ఉన్నాను. అక్కడి నర్సొకామె మొదటి రోజే నన్ను గుర్తుపట్టి కాళ్ళకు దండం పెట్టింది. ఆ పిల్లే. నలభై దాటి, వెంట్రుకలు కొద్దిగా నెరిసి, నడకలో ఒక అధికారం వచ్చి, నాకంటే చక్కటి తెలుగు మాట్లాడుతోంది. తాండాల నుంచి వచ్చే ముసలివాళ్ళు ఏ డాక్టరుకు ఏం చెప్పాలన్నా ముందు ఆమె కోసం చూసేవాళ్ళు. నాయక్ పోయి చాలా ఏళ్ళయిందని, అమ్మమ్మ ఇంకా ఉన్నదని, ఆదివారం తాండాకు పోతున్నాను మీరూ రావాలని పట్టుబట్టింది. మా చెల్లెలు కాస్త తేరుకుంది కనుక సరేనన్నాను.

ఆటోలో తాండా వైపు పోతుంటే నేను ఆగలేక ఆ రోజు సంగతి తీశాను. ఇన్నేళ్ళుగా నాకు అర్థం కానిది ఇదమ్మా అని, మీ తాత అన్నది, నేను అన్నది రెండూ చెప్పి, ఎవరిది సరైనదంటావు అని అడిగాను. ఆమె ఒళ్ళో ఉన్న సంచిని పక్కకు జరిపి నా వైపు తిరిగింది. మాట మొదలుపెట్టినప్పుడు ఆ చక్కటి తెలుగు పోయి, పాత మాట వచ్చింది.

"నాకు అప్పటికే తెలుగు జర జర వస్తుండె టీచర్," అంది. "బావి అంటే తెలుసు. పడుడంటే తెలుసు. పడ్డడు అనాల్నో, పడ్డది అనాల్నో తెల్వలే. తప్పయితే మల్ల నవ్వుతరని అనలే."

మళ్ళీ నవ్వడమేమిటి, ఎవరు నవ్వారని అడిగాను. నేను బడికి వచ్చిన మొదటి వారంలో ఒక పొద్దున నన్ను గుమ్మంలో చూసి, తాను సంతోషం కొద్దీ టీచర్ వచ్చిండు అని తెలుగులో గట్టిగా అన్నదట. పెద్దసారు పకపకా నవ్వారట. పక్కనే నిలబడి నేను కూడా నవ్వానట. ఆ రోజు నుంచి బడిలో నోరు తెరవకూడదని అనుకుందట. ఇవన్నీ ఆమె నిందగా చెప్పలేదు, మీకు యాది ఉండదులే టీచర్ అని నా చెయ్యి కూడా పట్టుకుంది. నిజమే, నాకు యాది లేదు. ఆ రాత్రీ, ఆ తర్వాతా ఎంత వెతికినా దొరకలేదు. నన్ను చూసి నవ్విన మాస్టారి రుమాలు అంచు గుర్తున్న నాకు, నేను నవ్విన నవ్వు గుర్తు లేదు. నాకు వాళ్ళ మాట రాకపోవడమో, వాళ్ళకు నా మాట రాకపోవడమో కారణమని మేమిద్దరం, నాయకూ నేనూ, ఎన్నేళ్ళు ఎదురెదురుగా నిలబడ్డాం! మాట ఉంది. ఆ పిల్ల నోట్లోనే ఉంది. బయటికి రాకుండా అడ్డం పడ్డది ఇంకొకటి, దానికి ఏ నోటుబుక్కులోనూ గడి గీయలేదు.

తాండా గుర్తుపట్టేలా లేదు. సిమెంటు ఇళ్ళు, ఇంటి ముందు బండ్లు. ముసలమ్మ వసారాలో నులకమంచం మీద కూర్చొని ఉంది, అప్పట్లో చేతుల నిండా వేసుకునే తెల్ల గాజులు ఇప్పుడు లేవు. నన్ను ఆనవాలు పట్టింది గానీ, అంగట్లో నేర్చుకున్న తెలుగు మొత్తం మరిచిపోయిందని మనవరాలు చెప్పింది. ముసలితనంలో పుట్టినప్పటి మాట ఒక్కటే మిగిలిందట. నాకు ఇంకా గుర్తున్న పదీ పదిహేను మాటలూ కూడగట్టుకొని నేను పలకరించాను. ఆమెకు నవ్వొచ్చింది, అచ్చం అప్పటి నవ్వే. మాతోపాటు నర్సు కూతురు కూడా వచ్చింది, తొమ్మిదేళ్ళ పిల్ల, పట్నంలో హాస్టలులో ఉండి ఇంగ్లీషు బడిలో చదువుతోంది. ఇంట్లో అమ్మా నాన్నా తెలుగే మాట్లాడుతారు, అది కూడా సగం ఇంగ్లీషు కలిపి. ఆ పిల్ల మంచం కొసన కూర్చొని కాళ్ళు ఊపుకుంటోంది.

ఫోను వస్తే నర్సు బయటికి వెళ్ళింది. ముసలమ్మ మునిమనవరాలి వైపు తిరిగి ఏదో అడిగింది. ఆ పిల్ల ఆమె మొహంలోకి, తర్వాత నా మొహంలోకి చూసింది. ఆ మాటల్లో పాణి అన్నది నా చెవికి అందింది. నీళ్ళు తాగుతావా అని అడుగుతున్నదమ్మా మీ ముత్తవ్వ అని నేను తెలుగులో చెప్పాను. ఆ పిల్ల తలూపి, చెంబు అందుకొని తాగి, చక్కగా థాంక్యూ అంది. పిల్ల ఏమన్నదని ముసలమ్మ నన్ను కళ్ళతోనే అడిగింది. నేను వెతుక్కున్నాను. థాంక్యూకు వాళ్ళ మాటలో ఏమంటారో నేనెప్పుడూ రాసుకోలేదు, మా అవ్వ మాటలో ఏమంటారో కూడా నాకు తెలియదు. నీళ్ళిచ్చిన అవ్వకు అట్లాంటి మాట చెప్పవలసిన అవసరం మా ఇళ్ళలో ఎవరికీ రాలేదు. మంచిగున్నవి అంటున్నది అన్నట్టు చేత్తో సైగ చేశాను.

నేను మొదటిసారి వచ్చినప్పుడు, బడిలో ఒక గ్లోబు కూడా లేని ఆ రోజుల్లో, ఆ తాండా మొత్తంలో ఎదుటివాళ్ళ మాట అర్థం కానిదాన్ని నేనొక్కదాన్నే. మిగతా అందరికీ ఒకరి మాట ఒకరికి తెలుసు. ఇప్పుడు అందరికీ అన్నీ వచ్చు, మూడేసి భాషలు వచ్చు, పలికే కలాలు వచ్చాయి. ఆ మధ్యాహ్నం మాత్రం ముత్తవ్వా మునిమనవరాలూ ఒకే మంచం మీద రెండు కొసల కూర్చొని, ఏ రక్తసంబంధమూ లేని నా వైపు, పరాయిదాని వైపు చూస్తున్నారు, రెండో మనిషి ఏమన్నదో చెబుతానని.